దాచిన తప్పు

(తొమ్మిదో వారం)

సింధూ తలుపు తీయలేదు.

నిన్న సాయంత్రం "ఆ ఫైలు గుంపులో పెట్టింది నేనే" అని ఒక్క మాట చెప్పి గదిలోకి పోయిన పిల్ల, ఆదివారం పొద్దున పది కావస్తున్నా బయటికి రాలేదు. గడప ముందు టిఫినుకు పెట్టిన బొరుగుల ఉగ్గాని చల్లారి గడ్డ కట్టింది. తల్లి జయలక్ష్మి రెండుసార్లు తలుపు కొట్టింది, ఒకసారి బతిమాలింది, ఇంకోసారి నోటికొచ్చినట్టు తిట్టింది. లోపల ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది.

సరే, దాని మానాన దాన్ని వదిలేద్దామంటే గడువు ఆగుతుందా? రేపు పదింటికల్లా జయలక్ష్మి తను పనిచేసే ఇంజనీరింగు కాలేజీలో నివేదిక ఇవ్వాలి. రెండో సంవత్సరం పిల్లలు పదకొండు మంది ఒకే ప్రోగ్రాంను, ఒకే తప్పుతో, అక్షరం పొల్లుపోకుండా హోంవర్కుగా అప్పజెప్పారు. అది ఎవరి దగ్గర పుట్టిందో తేల్చమని, ఆ హోంవర్కు ఇచ్చిన లెక్కల మేడమ్ జయలక్ష్మి నెత్తినే పెట్టారు. పుట్టించినవాళ్లను ఈసారి సెమిస్టరు పరీక్షలు రాయనివ్వరు. అంటే ఒక ఏడాది గంగలో కలిసినట్టే.

కాలేజీ దృష్టిలో దొంగ ఇప్పటికే దొరికిపోయింది. ఆ పదకొండు మందిలో అందరికంటే ముందు ఫైలు ఎక్కించింది పులివెందుల అమ్మాయి ఆర్షియా. ముందు ఎక్కించినవాళ్లే మిగతావాళ్లకు పంచిపెట్టి ఉంటారని కంప్యూటర్ విభాగం పెద్ద జియావుల్లా సారు శుక్రవారమే తేల్చేశాడు. మనిషి చెడ్డవాడేమీ కాదు. చేతిలో పట్టుకున్న పని తొందరగా దులిపేసుకోవాలనే రకం. ఇక జయలక్ష్మి సంతకం ఒక్కటే తక్కువ.

ఆ పదకొండు కాగితాలూ భోజనాల బల్ల మీద పరిచి ఉన్నాయి. వాటిని మళ్లీ చూడాల్సిన పనేమీ లేదు ఆమెకు. వంపుగీత కింది వైశాల్యం లెక్కగట్టే ఆ ప్రోగ్రాంలో నాలుగుతో గుణించాల్సిన చోట రెండు, రెండుతో గుణించాల్సిన చోట నాలుగు. జవాబు పూర్తిగా చెడిపోదు, దశాంశం తర్వాత కాస్త జారుతుంది, అంతే. రానివాళ్లు చేసే తప్పు ఇట్లా ఉండదు. బాగా వచ్చినవాళ్లు కావాలని, కనపడీ కనపడకుండా దాచిన తప్పు ఇది. ఆ దాచడం ఎట్లాగో పిల్లలకు నేర్పిన మహాతల్లి జయలక్ష్మే.

కరోనా రోజుల్లో బళ్లు మూతపడ్డప్పుడు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పిల్లలు ఓ పదిమందికి ఆమె ఫోన్లోనే లెక్కలు చెప్పింది. తను చేసి పంపిన లెక్కను వాళ్లు అర్థం చేసుకోకుండానే ఎత్తి రాసుకుంటున్నారని తొందర్లోనే కనిపెట్టింది. అప్పుడు ఒక పద్ధతి పెట్టింది. లెక్క మొత్తం చేసి పంపేది గానీ, ఎక్కడో ఒకచోట ఒక్క తప్పు దాచేది. దాన్ని వెతికి పట్టుకున్నవాళ్లకే ఆ లెక్క వచ్చినట్టు. పిల్లలకు అది భలే నచ్చింది. వాళ్లు పెద్దయ్యారు, గుంపు అరవై మందికి పెరిగింది, లెక్కలకు తోడు ప్రోగ్రాములు వచ్చి చేరాయి, మేడమ్ అవసరమూ తీరిపోయింది. పద్ధతి మాత్రం పోలేదు. హోంవర్కు తెమలనివాళ్లు ఆ ఆన్‌లైన్ గుంపులో అడుగుతారు. వచ్చినవాళ్లు ఒక తప్పు దాచి పంపుతారు. పట్టుకున్నవాళ్లు "దొరికింది" అని ఒక్క మాట పెట్టి ఊరుకుంటారు.

ఈసారి పదకొండు మంది వెతకనేలేదు. గడువు సాయంత్రం ఆరింటికి ముగుస్తుందనగా, వచ్చింది వచ్చినట్టే ఎక్కించి చేతులు దులుపుకున్నారు. అదే క్లాసులో చదివే సింధూ ఫైల్లో మాత్రం తప్పు లేదు. దాచినదానికి ఎక్కడ దాచిందో తెలియదా? అందుకే ఆ పదకొండు పేర్లలో దాని పేరు లేదు. విచారణలో పిల్లలెవరూ నోరు విప్పలేదు. మన గుంపు సంగతి బయట చెప్పకూడదని వాళ్లలో వాళ్లకొక కట్టుబాటు. శుక్రవారం సాయంత్రానికి ఆ గుంపే మాయమైపోయింది. మూసేసింది కూడా సింధూనే.

"జయా, ఒక్కసారి ఇట్ల చూడు" అంటూ వేదవ్యాస వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

భర్త చేతిలో తెల్లకాగితం ఉంది. వేదవ్యాస జమ్మలమడుగు తహసీల్దారు ఆఫీసులో గుమాస్తా. ముప్పై ఏళ్ల సర్వీసు. సరిహద్దు తగాదా అయినా, రేషన్ బియ్యం గొడవ అయినా, పై అధికారికి చీవాట్లు పడకుండా, కింది వాడికి కోపం రాకుండా నివేదిక రాసిపెట్టడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. పొద్దున సంధ్యావందనం కాగానే ఏదో రాసుకుంటూ కూర్చుంటే ఆఫీసు పనేమో అనుకుంది. కాదు, ఆమె నివేదికే రాసిపెట్టాడు.

ముత్యాల్లాంటి అక్షరాలతో ఐదే వాక్యాలు. పదకొండు ఫైళ్లు ఒకే విధంగా ఉన్నవి. వాటిలో మొదటిది బుధవారం సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలకు కుమారి ఆర్షియా ఎక్కించినది. అంతకు ముందు అదే రూపంలో వేరొక ఫైలు కాలేజీ కంప్యూటర్లో లేదు. విచారణలో విద్యార్థులెవరూ మరొకరి పేరు చెప్పలేదు. తదుపరి చర్య తమ నిర్ణయానికి సమర్పించడమైనది.

"ఇందులో అబద్ధం ఒక్కటుంటే చూపించు" అన్నాడు వేదవ్యాస.

ఆమె రెండుసార్లు చదివింది. ఒక్కటీ లేదు.

"లేదండీ. అన్నీ నిజాలే. నాలుగు నిజాలు పేర్చి ఒక పిల్ల గొంతు కోసినారు."

"నేనెవరి గొంతూ కోయలా. మన పాప గొంతు కాపాడుకుంటాండా."

ఆయన గొంతు పెంచే మనిషి కాదు. ఆ మెత్తదనమే ఆమెకు ఒళ్లు మండిస్తుంది. గొంతు పెంచకుండానే చెప్పాల్సిందంతా చెప్పాడు. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. హోంవర్కు ఇచ్చింది ఆమె. దాని జవాబు పుట్టింది ఆమె కూతురి దగ్గర. ఇది బయట పడితే, మేడమే ఇంట్లో చేసి కూతురి చేత పంచిపెట్టించిందంటారు. కాదని ఎవరికి రుజువు చేస్తావని అడిగాడు. ఏడాది పోయేది కూతురికి, ఉద్యోగం పోయేది తల్లికి, తలెత్తుకోలేకుండా పోయేది ముగ్గురికీ. అదే ఆర్షియా అయితే తెలివిగల పిల్ల, ఎట్లాగో బయటపడుతుంది అన్నాడు. అన్నాక ఆయనకే ఆ మాట సహించనట్టుంది, కళ్లద్దాలు తీసి ధోవతి అంచుతో తుడుచుకున్నాడు.

జయలక్ష్మికి సిగ్గేసింది. భర్తను చూసి కాదు. ఆయన చెబుతున్నంతసేపూ, ఔను కదా అని తన మనసు లోపల్లోపల తలూపుతుంటే, ఆ మనసును చూసి సిగ్గేసింది. సంతకం పెట్టడానికి ఎంతసేపు? అర నిమిషం. ఆ తర్వాత సింధూ తలుపు తీస్తుంది, అన్నం తింటుంది, అంతా సర్దుకుంటుంది.

ఆమె పెన్ను చేతిలోకి తీసుకుంది. మూత తీయలేదు.

వాకిట్లో ఇనుప గేటు చప్పుడైంది.

వచ్చింది ఎవరో చూసి వేదవ్యాస ముఖం పాలిపోయింది. ఆర్షియా, దాని వెనక వాళ్లమ్మ అమీనాబీ. పులివెందుల నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. ఏప్రిల్ ఎండకు తల్లీకూతుళ్ల ముఖాలు కందిపోయి ఉన్నాయి. అమీనాబీ పులివెందులలో జాకెట్లు కుడుతుంది. ఆమె భర్త అమీర్ బాషా కువైట్‌లో డ్రైవరు, రెండేళ్లకోసారి వస్తాడు. ఇంటి మంచీ చెడూ అన్నీ ఆమె నెత్తినే నడుస్తాయి. ఈ ఇంటికి ఆమె రావడం ఇదే మొదలు.

కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది. వేదవ్యాస చొరవగా వంటింట్లోకి పోయి మజ్జిగ కలిపి తెచ్చాడు. ఉప్పు సరిపోయిందా అని అడిగాడు, బస్సులో రద్దీ ఉందా అని అడిగాడు, కువైట్‌లో ఎండలెట్లా ఉన్నాయని కూడా అడిగాడు. అమీనాబీ అన్నిటికీ మర్యాదగా జవాబు చెప్పింది. గ్లాసు మాత్రం ముట్టుకోలేదు.

ఆర్షియా నిలబడే ఉంది. బల్ల మీద వేదవ్యాస రాసిన కాగితం పెన్ను పక్కనే ఉంది. ఆయన మజ్జిగ గ్లాసు పెడుతున్నట్టుగా దాని మీద పళ్లెం జరిపాడు గానీ, అప్పటికే ఆలస్యమైంది. ఆ పిల్ల కళ్లు మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా కదలడం జయలక్ష్మి చూసింది. చదివేసింది. చదివి, కిటికీ వైపు తిరిగింది.

అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది జయలక్ష్మికి.

అమీనాబీ తను వచ్చిన పని చెప్పడం మొదలుపెట్టింది. ఆమెకు కంప్యూటర్లు తెలియవు, ప్రోగ్రాములు తెలియవు, ఆ సంగతి ముందే ఒప్పుకుంది. కాలేజీ నుంచి ఉత్తరం వస్తే పక్కింటివాళ్ల చేత చదివించుకుందట. మొన్న సోమవారం ఆమె తల్లి కాలం చేసింది. బుధవారం మూడోనాటి జియారత్, పోయినవాళ్ల కోసం చేసే ప్రార్థనలు. ఇంటి నిండా బంధువులు, వంటింటి నిండా గిన్నెలు. ఆ పనుల మధ్య ఈ పిల్ల ఫోను పట్టుకుంది పది నిమిషాలైతే ఎక్కువ. ఆ పది నిమిషాల్లో పదిమందికి పంచిపెట్టిందంటే తన తలకు ఎక్కడం లేదంది.

"నేను సిఫారసుకు రాలా టీచరమ్మా. తప్పు నా బిడ్డదే అని మీ నోటితో చెప్పండి, తలొంచుకోని పోతా. మీరు చెప్తే నమ్ముతా. చిన్నప్పట్నించీ అది మీ మాట తప్ప ఇంకొకరి మాట ఇంట్లో చెప్పింది ల్యా."

బుధవారం జియారత్ అని జయలక్ష్మికి తెలియదు. పిల్ల అవ్వ పోయిందనీ తెలియదు. మూడు రోజులు సెలవు పెట్టిన పిల్ల ఎందుకు పెట్టిందో క్లాసులో అడగనైనా లేదు.

అయినా ఆమెను తొలుస్తున్నది వేరే ఉంది. ఆమె లెక్కల మనిషి. ఎక్కడైనా ఒక పద్దు కుదరకపోతే దాన్ని వదలదు. ఈ వ్యవహారంలో శుక్రవారం నుంచీ కుదరనిది ఒకటే: మిగతా పదిమంది సరే, ఆర్షియా కంటికి ఆ తప్పు దొరక్కపోవడమేమిటి?

ఎందుకంటే ఆర్షియాకు దొరకని తప్పంటూ ఇన్నేళ్లలో లేదు. జయలక్ష్మి ఎంత లోతుగా దాచినా ఐదు నిమిషాలు తిరక్కుండా "దొరికింది మేడమ్" అని మెసేజు వచ్చేది. ఆ ముచ్చట జయలక్ష్మి ఇదే బల్ల దగ్గర, అన్నం వడ్డిస్తూ ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. ఆర్షియాకు నాలుగు నిమిషాలు పట్టింది, నీకెంతసేపు పట్టింది సింధూ? పొగిడితే పోటీ పెరుగుతుందనుకుంది. టీచర్లందరికీ ఉండే జబ్బే అది, తల్లులకు ఇంకొంచెం ఎక్కువ ముదురుతుంది. దానికి తోడు ఈ ఏడు డిపార్టుమెంటు నుంచి ఒక్కరినే ఎండాకాలం శిక్షణకు బెంగళూరు పంపుతారు. ఆ ఒక్కరూ వీళ్లిద్దరిలో ఎవరో ఒకరని కాలేజీ అంతా అనుకుంటోంది.

"ఆర్షియా, ఇట్ల చూడు" అంది జయలక్ష్మి. "ఆ తప్పు నీకెట్ల కనపడకుండా పోయింది?"

"చూసుకోలా మేడమ్."

"నువ్వు చూసుకోకుండా ఎక్కించవు. ఆ మాట నాకు తెల్సు."

"ఇంట్లో పనుండింది మేడమ్. చూసుకోలా."

అన్నదే అంది. అంటున్నప్పుడు దాని చూపు ఒక్క క్షణం సింధూ గది తలుపు మీదికి పోయి వచ్చింది. పిల్లలకు అబద్ధం చెప్పడం రాకపోతే అట్లాగే ఉంటుంది. అడగాలా, వద్దా? అడిగితే ఏదో ఒకటి బయటికి వస్తుందని, వచ్చాక దాన్ని మళ్లీ లోపల పెట్టడం తన వల్ల కాదని జయలక్ష్మికి తెలిసిపోతోంది. వేదవ్యాస కూడా కనిపెట్టినట్టున్నాడు. పాపం పిల్ల అలిసిపోయింది, ఈ ప్రశ్నలన్నీ రేపు కాలేజీలో చూసుకోవచ్చు కదా అని అడ్డం వచ్చాడు.

అప్పుడు గడియ తీసిన చప్పుడైంది.

సింధూ గుమ్మంలో నిలబడింది. రాత్రంతా ఏడ్చినట్టుంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి. గడప ముందున్న ఉగ్గాని పళ్లెం దాటి ఇవతలికి వచ్చింది. ఎవరి ముఖమూ చూడలేదు.

"అది చూసుకోకుండా ఎక్కించలేదమ్మా" అంది. "నన్ను అడిగింది."

"ఏమని?"

"ఈసారి తప్పు పెట్టినావా అని. జియారత్ ఇంట్లో ఉండా, వెతికే టైము లేదు, ఉందో లేదో ఆ ఒక్కటి చెప్పు సింధూ అని పెట్టింది."

గుంపులో ఇంకో నియమం ఉంది. తప్పు ఎక్కడుందో చెప్పకూడదు గానీ, అసలు ఉందా లేదా అని అడిగితే మాత్రం నిజం చెప్పాలి. జ్వరాలొస్తాయి, చావులొస్తాయి, పిల్లలకు ఇబ్బందులుంటాయని ఆలోచించి ఆ నియమం పెట్టింది కూడా జయలక్ష్మే. అడిగినవాళ్లను మోసం చేయకూడదని ఒకటికి పదిసార్లు చెప్పింది.

"నువ్వేం చెప్పినావు?" అంది.

"లేదని చెప్పినా."

మజ్జిగ గ్లాసు మీద ఈగ వాలింది. దాన్ని తోలాలని ఎవరికీ తోచలేదు.

ఏమని కోప్పడాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంతదాకా జయలక్ష్మి తన కూతురు చేసింది పొరపాటనే అనుకుంది. అందరికీ పంపినట్టే పంపింది, వాళ్లు వెతుక్కోలేదు, అంతే కదా అనుకుంది. దాన్ని వెనకేసుకు రావడానికి మనసు ఒక మూల ఇంకా ఆశపడుతూనే ఉంది. ఇప్పుడు ఆ మూల కూడా లేకుండా పోయింది. చావు ఇంట్లో ఉన్న స్నేహితురాలు నమ్మి అడిగితే, తెలిసి తెలిసి గోతిలోకి తోసింది.

ఎందుకని అడిగింది.

సింధూ గోడకు ఆనుకుని, కాలి బొటనవేలితో నేల మీద గీస్తూ నిలబడింది. చెప్పినప్పుడు మాత్రం తల్లి కళ్లలోకి చూసి చెప్పింది.

"ఒక్కసారన్నా నీ నోటితో, ఆర్షియా తప్పు చేసింది అని వినాలనుకున్యా. అంతేమా. మార్కులు రెండు పోతాయనుకున్యా గానీ ఇంత అయితుందనుకోలా."

జయలక్ష్మి బల్ల అంచు పట్టుకుంది. కొట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు. ఇది దాని నోట వచ్చిన మాటే గానీ, దాన్ని అన్నంతో పాటు కలిపి ఏళ్ల తరబడి పెట్టింది తను.

అమీనాబీకి సగమే అర్థమైంది. కానీ ఆ సగం చాలు. ఆమె కూతురి వైపు తిరిగింది.

"నీకు తెల్సా ఇది?"

ఆర్షియా తలూపింది.

"ఎప్పట్నించి?"

గురువారం నుంచే అంది ఆర్షియా. కాలేజీలో కాగితాలు చూపించినప్పుడే అర్థమైందట. అప్పటికప్పుడు పోయి సింధూను అడగాలనుకుందట, సింధూ ముఖం చాటేసి వెళ్లిపోయిందట. ఆ సాయంత్రం చూసుకుంటే సింధూ పంపిన జవాబు లేదు, తీసేసి ఉంది. మరుసటి రోజుకు గుంపూ లేదు.

"మరి నాలుగు దినాలు నోరు మూసుకోని ఏం చేస్తాండావు?" అంది అమీనాబీ. "నా తోనన్నా చెప్పల్ల గదా. నేను యాడ ఎవర్ని అడుక్కోవల్లనో తెలీక, రెండు రాత్రులు నిద్ర ల్యాకుండా సస్తాండానే."

ఆర్షియా తల్లికి జవాబు చెప్పలేదు. జయలక్ష్మికి చెప్పింది. చెబుతున్నప్పుడు దాని గొంతులో నిష్ఠూరం లేదు. లెక్కలో ఒక మెట్టు తర్వాత ఇంకో మెట్టు రాసినట్టు చెప్పింది.

"సింధూ మీ బిడ్డ మేడమ్. నా దగ్గర మెసేజూ ల్యా. నేను చెప్తే, తప్పించుకునేదానికి మీ బిడ్డ మీద నెడతాండానంటారు. నన్ను నమ్మరు అనుకున్యా."

"నేనా? నేను నమ్మనా నిన్ను?"

ఆర్షియా బల్ల మీదికి చూసింది. పళ్లెం కింది నుంచి ఆ కాగితం అంచు, వేదవ్యాస ముత్యాల్లాంటి అక్షరాలు కొంచెం కనపడుతున్నాయి. పక్కనే జయలక్ష్మి పెన్ను.

వేదవ్యాస నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు. అమీనాబీతో మాట్లాడాడు. పిల్లలు పిల్లలే, తెలియక చేసుకున్నారు, రేపు తనే కాలేజీకి వచ్చి పెద్దసారుతో మాట్లాడతానన్నాడు. ఇద్దరి పేర్లూ రాకుండా, మందలించి వదిలేసేట్టు చేయొచ్చన్నాడు. ఆఫీసులో ఇట్లాంటివి శానా చూసినానన్నాడు. అమీనాబీ అంతా విని, తలాడించి, జయలక్ష్మి వైపే చూస్తూ ఒక్కటే అడిగింది.

"మీరేం రాస్తారు టీచరమ్మా?"

జయలక్ష్మి జవాబు చెప్పేలోగా ఆమె ఫోను మోగింది. జియావుల్లా సారు.

ఆదివారం ఆయన ఫోను చేయడమే వింత. ఆమె ఎత్తి బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేట్టు నొక్కింది. ఆయన తొందరలో ఉన్నాడు. రేపు పొద్దున్నే కడపకు పోవాల్సి వచ్చిందట. ఉత్తర్వు ఈరోజే టైపు చేయించి సంతకం పెట్టి పోతాడట. నివేదిక కాగితం తర్వాత ఇచ్చుకోవచ్చు, పేరు తేలిందో లేదో ఆ ఒక్కటి ఇప్పుడు చెబితే చాలన్నాడు.

"తేలింది సార్" అంది జయలక్ష్మి.

వేదవ్యాస కుర్చీలోంచి సగం లేచాడు.

"చెప్పండి మేడమ్, రాసుకుంటా."

పేరు నాలుక చివరి దాకా వచ్చింది. పంతొమ్మిదేళ్ల కింద తను ఏరికోరి పెట్టుకున్న పేరు. అది బయటికి రాలేదు. ఆమె ఫోను తీసి కూతురి వైపు చాచింది. లేదని అబద్ధం చెప్పిన నోటితోనే నిజమూ రావాలనుకుందో, తనకే ధైర్యం చాలక దాని చేతిలో పెట్టిందో, అప్పుడు అడిగితే ఆమె కూడా చెప్పలేకపోయేది.

"మా సింధూ చెప్తుంది సార్."

సింధూ ఆ ఫోను వైపు, పాము పడగను చూసినట్టు చూసింది. తీసుకుంది.

"సింధూనా? మంచిదమ్మా, నీకూ తెలిసే ఉంటుంది" అన్నాడు జియావుల్లా సారు. వెనక ఎక్కడో కంప్యూటర్ మీటల చప్పుడు వినిపిస్తోంది. "ఆ ఫైలు ఆర్షియాదే కదా? ఔనంటే చాలు. పిల్లోడు టైపు చేసేస్తాండాడు."

ఔనంటే అయిపోతుంది. ఆ తర్వాత ఎవరు ఏం చెప్పినా అది అమీనాబీ చేసిన గొడవే అవుతుంది, పనికిరాదు. ఆ సంగతి సింధూకు కూడా తెలుసు. ఆర్షియా కిటికీ ఊచలు పట్టుకుని, వీధిలోకి చూస్తూ నిలబడింది.

"కాదు సార్" అంది సింధూ.

మీటల చప్పుడు ఆగింది.

"కాదా? మరెవరిది?"

సింధూ కళ్లు మూసుకుని ఊపిరి పీల్చుకుంది. "సార్, అది..."

వేదవ్యాస చెయ్యి చటుక్కున మధ్యలోకి వచ్చింది. ముప్పై ఏళ్లలో ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి, గొంతు పెంచని మనిషి, కూతురి చేతిలోంచి ఫోను లాక్కుని కాల్ కట్ చేశాడు. చేసి, తనేం చేశాడో తనకే అర్థం కానట్టు అట్లాగే నిలబడిపోయాడు.

"నాయనా, ఇయ్యి" అంది సింధూ.

ఆయన ఇవ్వలేదు. జయలక్ష్మి చెయ్యి చాచింది. ఆయన ఆమెకూ ఇవ్వలేదు. ఫోనును రెండు చేతులతో గుండెకు అదుముకుని, ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఎవరైనా ఒక్కరు, సరేలే పోనీ అంటారేమోనని వెతుక్కుంటున్నాడు. ఆఖరికి ఆర్షియాను కూడా అదే అడుగుతున్నట్టు చూశాడు.

ఎవరూ అనలేదు.

ఆయన గుప్పిట్లో ఫోను మళ్లీ మోగింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

"సామీ," అంది అమీనాబీ కుర్చీలోంచి లేవకుండానే, మెల్లగా, "మోగుతాంది."